ఇలవేల్పును ఇచ్చేసినవాడు

గోధుమలు ఇంకా తడిగానే ఉన్నాయని అత్తగారు నాలుగోసారి అంది. నెవెంకా ఉడికించిన గోధుమలను బల్ల మీద తెల్ల తువ్వాలులో పలచగా పరిచి, అరచేత్తో అద్దుతూ, తడిసిన తువ్వాలు తీసి పొడిది వేస్తోంది. మర్నాడు ముని నికోలా పండుగ. ఆ ఇంటి ఇలవేల్పు ఆయన. ఆరిన గోధుమలు నూరి చక్కెర కలిపి చేసిన ముద్దే వచ్చిన ప్రతివాళ్ళకీ మొదట పెట్టాలి. సెర్బియాలో సగం ఇళ్ళకి ఆయనే ఇలవేల్పనీ, మిగతా సగం ఇళ్ళవాళ్ళు ఆ రోజు ఈ సగం ఇళ్ళకి భోజనానికి పోతారనీ ఒక వేళాకోళం ఉంది. ఇలవేల్పు పండుగకి ఎవరినీ పిలవరు. నోరు తెరిచి పిలిస్తే అది ఇంటికే చిన్నతనం. తెలిసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. వచ్చినవాళ్ళని ఎందుకొచ్చావని అడగరు, గుమ్మంలో ఆపరు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంటుంది. కానీ ముప్పై మంది వస్తారో అరవై మంది వస్తారో తెలియని ఆడది అరవై మందికీ వండి పెట్టుకోవాలి. ఇంటి యజమాని ఆ రోజంతా కూర్చోకుండా అతిథుల ముందు నిలబడి ఉండాలని ఆచారం. నెవెంకా భర్త మియోద్రాగ్ ఏడాదికి ఒక్కరోజు అలా నిలబడి, మర్నాడు కాళ్ళు పీకుతున్నాయని పడుకుంటాడు. మూడు రోజుల ముందు నుంచీ నిలబడే ఉన్న నెవెంకా కాళ్ళ ప్రస్తావన ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

"పద్దెనిమిదేళ్ళయింది ఈ ఇంటికొచ్చి. గోధుమలు ఆరబెట్టడం ఇంకా రాలేదు," అంది అత్తగారు, కిటికీకి చెబుతున్నట్టు.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ఈసారి గోధుమలు ఆలస్యంగానే ఉడికాయి. పదింటికల్లా పొయ్యి ఎక్కాల్సినవి, ఆ వేళకి నెవెంకా ఆఫీసులో ఉంది. మధ్యాహ్నానికైనా రాగలిగిందంటే అది సమావేశంలో వాదన మధ్యలో వదిలేసి లేచి రావడం వల్లే. ఎలా లేచి వచ్చిందో గుర్తొచ్చినప్పుడల్లా ఆమె చెయ్యి తువ్వాలు మీద ఆగిపోతోంది. ఒక సంతకం పెట్టి వచ్చేసింది.

ఆ పట్నంలోని కుటుంబ సంక్షేమ కేంద్రంలో నెవెంకా మనస్తత్వ నిపుణురాలు. చంపుతానని మొగుళ్ళు బెదిరించిన ఆడవాళ్ళు అక్కడికి వస్తారు. వాళ్ళతోనూ, వీలైతే ఆ మొగుడితోనూ మాట్లాడి, ఇతను ఊరికే అంటున్నాడా, నిజంగా చేస్తాడా అని అంచనా వేయడం ఆమె పని. దానికి ఇరవై ఆరు ప్రశ్నల పత్రం ఉంది. గొంతు పట్టుకున్నాడా, ఆయుధం ఉందా, వెంటపడుతున్నాడా, ఇలాంటివి. చివర్న ప్రమాదం ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు గళ్ళు. రెండు వారాలకోసారి పోలీసులూ, ప్రాసిక్యూటరూ, కేంద్రం వాళ్ళూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఏ గడిలో టిక్కు పెట్టాలో తేలుస్తారు. పత్రం నింపేది నెవెంకా. చదివి వినిపించేది కేంద్రం అధికారి గ్వోజ్దెన్. ఆయన చదువుతుంటే అందరికీ కాఫీ పెట్టేది మళ్ళీ నెవెంకా. ఆ బల్ల దగ్గర కూర్చునే ఐదుగురిలో ఆమె ఒక్కతే ఆడది కాబట్టి, కాఫీ ఎవరు పెట్టాలన్న దాని మీద ఏనాడూ చర్చ జరగలేదు.

ఆ పొద్దున చివరికి మిగిలింది రాదిషా పత్రం. రాదిషాకి నలభై రెండేళ్ళు, కలప కోత మిల్లులో పని. అతని భార్య వెరిత్సా మే నెలలో మెడకి రుమాలు చుట్టుకుని కేంద్రానికి వచ్చింది. ఆ రుమాలు తీయడానికి ఆమెకి గంట పట్టింది. కింద వేళ్ళ గుర్తులు నీలంగా తేలి ఉన్నాయి. "తప్పు నాదేనేమో మేడమ్, సూపు చల్లారిపోయింది," అంది. పోలీసులు రాదిషా వేట తుపాకీ తీసుకున్నారు. భార్య దగ్గరికి పోకూడదని ముప్పై రోజుల ఉత్తర్వు ఇచ్చారు. ఆమె ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న పుట్టింటికి చేరింది. ఉత్తర్వు గడువు తీరిపోయాక వేసవంతా రాదిషా రోజుకి నలభై సందేశాలు పంపాడు. తిరిగి రా, నిన్ను బతకనివ్వను, నువ్వు లేకపోతే నేను బతకను, నలుగురిలో నా తల కొట్టేశావు. అప్పుడు గ్వోజ్దెన్, "మొరిగే కుక్క కరవదులే నెవెంకా," అన్నాడు. అక్టోబరు ఆఖరుకి సందేశాలు ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఈ పొద్దున గ్వోజ్దెన్ కాఫీ చప్పరిస్తూ, "చూశావా, మొరగడం కూడా మానేశాడు," అన్నాడు. మొరిగినా భయం లేదు, మానినా భయం లేదు. మరి ఏం చేస్తే భయపడాలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

నెవెంకాకి అసలు భయం మొదలైందే సందేశాలు ఆగినప్పుడు. డిసెంబరు రెండున రాదిషా కేంద్రానికి వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో కాఫీ పొట్లంతో వచ్చాడు. క్షమాపణ కింద తెచ్చానన్నాడు. ఆమె పుచ్చుకోలేదు. ఏడు నెలలుగా ఆమెని నోటికొచ్చినట్టు తిట్టినవాడు, మీ పని మీరు చేశారు, నాకు మీ మీద కోపం లేదన్నాడు. ప్రాణంగా పెంచుకున్న వేటకుక్కని పక్కింటాయనకి ఇచ్చేశానన్నాడు. జనవరిలో మిల్లులో ఏ షిఫ్టు అని అడిగితే, అంతదాకా ఎందుకులెండి అని నవ్వాడు. ఇలవేల్పు సంగతి అప్పుడే చెప్పాడు. వాళ్ళ ఇంటి ఇలవేల్పు దేవదూత మిఖాయిల్, ఆ పండుగ నవంబరులో వస్తుంది. ఆ రోజు పటాన్నీ దీపపు సెమ్మెనీ తమ్ముడింటికి మోసుకెళ్ళి, ఇకనుంచి ఈ పండుగ నువ్వే చెయ్యి అని అప్పగించేశాడట. "భారం దిగిపోయింది మేడమ్. ఇప్పుడెంత ప్రశాంతంగా ఉందో నాకు," అన్నాడు. దుఃఖంలోంచి కోలుకుంటున్నవాడు ఒక రోజు బాగుంటాడు, రెండు రోజులు కుంగుతాడు, మళ్ళీ లేస్తాడు. ఇలా ఒక్కసారిగా తేలికపడినవాడు కోలుకున్నవాడు కాదు. ఏదో తేల్చేసుకున్నవాడు. తనకిక రేపటితో పని లేదనుకున్నవాడు.

పత్రంలో దీనికి ప్రశ్న లేదు. అడుగున 'ఇతర విషయాలు' అని రెండు గీతలున్నాయి. ఆ రెండు గీతల మధ్య ఆమె సన్నటి అక్షరాలతో రాసింది. కుక్కని ఇచ్చేశాడు, ఇలవేల్పును తమ్ముడికి ఇచ్చేశాడు, వచ్చే ఏడాది మాట ఎత్తడం లేదు, తమ్ముడింట్లో తుపాకీ ఉంది. గ్వోజ్దెన్ అది పైకి చదివాడు. పోలీసు అధికారి నవ్వాడు. ఇంట్లో ఆడది లేనివాడు పండుగ ఎలా చేస్తాడమ్మా, వండి పెట్టేదెవరు, తమ్ముడికి ఇచ్చెయ్యక ఏం చేస్తాడు అన్నాడు. అందరికీ అది చాలా సబబుగా తోచింది. ఇలవేల్పును నిలబెట్టేది ఇంటి యజమాని అని ఏడాది పొడుగునా మీసం దువ్వే మగవాళ్ళు, వంట చేసేది లేకపోతే ఇలవేల్పే లేడని ఆ నిమిషంలో ఎంత తేలిగ్గా ఒప్పేసుకున్నారో ఆమెకి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం వాదించింది. మూడుసార్లు వాదించింది. మూడోసారి గ్వోజ్దెన్ గడియారం చూశాడు.

"రేపు మీ ఇంట్లో పండుగ కదా నెవెంకా. గోధుమలు ఉడకేసుకోవాలా వద్దా? ఆ సంతకమేదో పెట్టేసి పోమ్మా, ఇంటి దగ్గర పనుంటుంది."

ఆమె కూడా గడియారం చూసింది. పదకొండున్నర. ఇంట్లో నానబెట్టిన గోధుమలు, శుభ్రం చేయాల్సిన చేపలు, అత్తగారి మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. 'తక్కువ' అన్న గడి కింద సంతకం పెట్టింది. బలవంతం ఎవరూ చేయలేదు. సిగ్గుపడాల్సి వస్తే ఆమే పడాలి, ఇప్పుడు పడుతోంది కూడా.

నాలుగింటికి మియోద్రాగ్ చేపలు తెచ్చి గట్టు మీద పెట్టాడు. అతనితో చెప్పుకుందామని నోటిదాకా వచ్చింది. ఏం అంటాడో తెలుసు. నీకు మగాడంటేనే హంతకుడు అంటాడు. నీ ఉద్యోగం నీ బుర్రని తినేసింది అంటాడు. పోయిన పండుగకి పదిమంది ముందు, మా ఆవిడ దగ్గర జాగ్రత్త, మొహం చూసి ఎన్నేళ్ళు జైలో చెప్పేస్తుంది అంటే బల్లంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే హాస్యం తెలియని మనిషి అంటారు. ఒకసారి మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, ఆ ఇరవై ఆరు ప్రశ్నల పత్రం తీసి మియోద్రాగ్ పేరు మీద నింపింది. గొంతు పట్టుకున్నాడా? లేదు. చంపుతానన్నాడా? లేదు. ఇరవై ఆరుకి ఇరవై ఆరూ లేదు. ఆమె భర్త మంచివాడని పత్రం తేల్చేసింది. ఆమె మాట్లాడుతుంటే టీవీ శబ్దం పెంచడానికి గడి లేదు. 'నీకు తెలియదులే' అన్న మాటని పద్దెనిమిదేళ్ళలో ఎన్నిసార్లు అన్నాడో రాయడానికి గీత లేదు. ప్రాణం పోయేంత ప్రమాదం ఉంటే తప్ప ఆడదానికి నొప్పి ఉన్నట్టు లెక్క కాదేమో అనుకుని, ఆ పత్రాన్ని చింపి చెత్తబుట్టలో వేసింది. కోపం వచ్చింది, కానీ ఎవరి మీదో తెలియలేదు.

అయిదింటికి ఫోన్ మోగింది. వెరిత్సా. వెనకనుంచి గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. వాళ్ళ పుట్టింటి ఇలవేల్పు కూడా ముని నికోలాయే. ఆమె గొంతు తగ్గించి చెప్పింది. వెరిత్సా నాన్నకి రాదిషా ఫోన్ చేశాడట. రేపు రెండింటికి పండుగకి వస్తాను, దీపానికి దండం పెట్టుకుని, నలుగురి ముందు అందరినీ క్షమించమని అడిగి పోతాను, అందరూ ఉంటారు కదా అని అడిగాడట. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట.

"అందరూ ఉంటారు కదా అని అడిగాడా?" అంది నెవెంకా.

"రెండుసార్లు అడిగాడట మేడమ్. నేను కూడా ఉంటానా అని విడిగా అడిగాడట."

నెవెంకా గ్వోజ్దెన్‌కి ఫోన్ చేసింది. ఆయన బజారులో ఉన్నాడు. మంచిదేగా, సర్దుబాటు అయిపోతుంది, పండుగ పూట అపశకునం మాటలు వద్దన్నాడు. పోలీస్ స్టేషన్‌కి చేసింది. డ్యూటీలో ఉన్నతను పేరు వెతికి, ప్రమాదం తక్కువ అని ఇవాళే రాసి ఉందండీ, కింద సంతకం ఎవరిదో, అని ఆగి, మీదే కదండీ అన్నాడు. అతని గొంతులో వెటకారం కూడా లేదు. అదే ఎక్కువ తగిలింది. వెరిత్సాకి తిరిగి ఫోన్ చేసి, రేపు మీరు ఇంట్లో ఉండకండి అని చెప్పింది. "ఎలా మేడమ్? పండుగ పూట ఇంటి ఆడపిల్ల లేకపోతే అందరూ ఏమంటారు? అమ్మ ఒక్కతే అంతమందికి ఎలా వడ్డిస్తుంది?" అంది వెరిత్సా. పొద్దున సంతకం పెట్టినప్పుడు నెవెంకాకి తోచిందీ అలాంటిదే.

మర్నాడు పొద్దున్నే పురోహితుడొచ్చి మంత్రం చదివాడు. మియోద్రాగ్ కొత్త కోటు వేసుకుని, పండుగ రొట్టె కోసి, దాని మీద ఎర్ర వైను పోసి, మైనపు దీపం వెలిగించాడు. చిన్నప్పుడు నెవెంకా ఇలవేల్పు ముని గెయోర్గి. పెళ్ళితో ఆయనా పోయాడు, నికోలా వచ్చాడు. ఆడదానికి దేవుడు కూడా మొగుడి వైపు నుంచే రావాలి. పదకొండింటి నుంచీ అతిథులు మొదలయ్యారు. క్రిస్మస్‌కి ముందు ఉపవాసపు రోజులు కాబట్టి మాంసం లేదు, చేపలు, చిక్కుడు గింజల కూర, అక్రోటు పప్పు కూరిన క్యాబేజీ చుట్టలు. ఆమె వంటింటికీ హాలుకీ మధ్య తిరుగుతోంది. హాల్లో అందరూ నిండు మనసుతో ఒకరి ఆరోగ్యానికి ఒకరు గ్లాసులెత్తుతున్నారు. ఎవరో కొత్తవాడు తలుపు తీసుకుని లోపలికి వచ్చాడు, మియోద్రాగ్ అతనెవరో తెలియకుండానే కౌగిలించుకుని కూర్చోబెట్టాడు. అది చూసి నెవెంకా చేతిలో పళ్ళెంతో అక్కడే నిలబడిపోయింది. ఈ రోజు ఏ ఇంట్లోకైనా ఎవడైనా ఇలాగే నడిచి రాగలడు. సంచిలో ఏముందని అడిగేవాడు ఉండడు. రాదిషా వేరే ఏ రోజూ కాక ఈ రోజునే ఎందుకు ఎంచుకున్నాడో ఆమెకి అప్పుడు అర్థమయింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా అర్థమయింది. తనని కూడా ఎవరూ ఆపరు.

పళ్ళెం బల్ల మీద పెట్టి, కోటు వేసుకుని, ఒక వైను సీసా చేత్తో పట్టుకుంది. మియోద్రాగ్ గుమ్మం దగ్గర ఎదురయ్యాడు.

"ఎక్కడికి?"

"పండుగకి."

"పండుగ ఇక్కడ కదా. నీకేమైనా పిచ్చా? లోపల పాతికమంది ఉన్నారు."

"చేపలు పొయ్యిలో ఉన్నాయి. ఇరవై నిమిషాల్లో తియ్యి," అంది. అతను ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు, ఆమె మెట్లు దిగింది.

వెరిత్సా పుట్టింటికి చేరేసరికి పన్నెండున్నర. గేటు బార్లా తెరిచి ఉంది. వెరిత్సా తండ్రి జివోయిన్, డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, చేతిలో వైను కూజాతో ఇరవై మంది మధ్య నిటారుగా నిలబడి ఉన్నాడు. నెవెంకాని చూసి మొహం ముడుచుకున్నాడు. కూతురి కాపురం కేంద్రం వాళ్ళే చెడగొట్టారని ఆయన నమ్మకం. అయినా ఆచారం ఆచారమే. సీసా అందుకుని, దండం పెట్టి, గోధుమ ముద్ద పళ్ళెం ముందుకు చాపాడు. ఆమె నిలబడే ఒక చెంచాడు తిని, ఒక్క మాట మాట్లాడాలని ఆయన్ని వసారాలోకి పిలిచింది. వంటింటి గుమ్మంలోంచి వెరిత్సా గిన్నెలు మోస్తూ చూసి ఆగిపోయింది.

"జివోయిన్ గారూ, ఇవాళ రాదిషాని లోపలికి రానివ్వకండి."

"నువ్వు చదువుకున్నదానివి తల్లీ, నీకు తెలియకేం. మా నాన్నని జైలుకి పంపినవాడు కూడా ఇలవేల్పు పండుగ నాడు మా బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు. ఇవాళ గేటు మూసిన వంశం కాదు మాది."

ఆమె దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పింది. సందేశాలు ఆగిన సంగతి, అతని ప్రశాంతత, అందరూ ఉంటారా అని రెండుసార్లు అడగడం. ముసలాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. బుద్ధొచ్చినవాడు అరవడు తల్లీ అన్నాడు. కుక్కని ఇచ్చేశాడంటే, ఒంటరి మగాడు దానికి తిండి ఎక్కడ పెడతాడన్నాడు. సమావేశం బల్ల దగ్గర విన్న మాటలే మళ్ళీ వింటున్నట్టు ఉంది ఆమెకి. అలసట కమ్ముకొచ్చింది. ఇక చెప్పడానికి మిగిలింది ఒక్కటే, నిన్న అందరూ నవ్విన సంగతి.

"అతను ఇలవేల్పును తమ్ముడికి ఇచ్చేశాడు. మీకు తెలుసా?"

ఆయన కూజా పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"ఎప్పుడు?"

"పోయిన నెల, దేవదూత పండుగ నాడు. పటం, దీపపు సెమ్మె రెండూ."

"తమ్ముడు అడిగాడా?"

"లేదు. తనే మోసుకెళ్ళి ఇచ్చాడు. వండేవాళ్ళు లేక ఇచ్చాడంటున్నారు మావాళ్ళు."

ముసలాయన గేటు వైపు చూశాడు. "వండేవాళ్ళు లేక ఎవడూ ఇవ్వడమ్మా," అన్నాడు. "సైన్యంలో ఉన్నప్పుడు నేను బ్యారక్‌లో రొట్టె ముక్క, కొవ్వొత్తి ముక్క పెట్టుకుని చేశాను ఈ పండుగ. మా నాన్న నాకు ఇలవేల్పును మంచం మీంచి అప్పగించాడు. పదకొండు రోజులకి పోయాడు. నా కొడుకు నాలుగేళ్ళ నుంచి అడుగుతున్నాడు, నాన్నా ఇక నువ్వు కూర్చో, నేను చేస్తానని. నేనివ్వను. ఎందుకివ్వనో వాడికి చెప్పలేదు. భయం." "నలభై రెండేళ్ళవాడు. ఒంట్లో రోగం లేనివాడు," అని తనలో తను అనుకున్నాడు.

ఆయన వంటింట్లోకి పోయి కూతురి చేతిలోంచి గిన్నె తీసుకుని భార్య చేతికిచ్చాడు. వెరిత్సాని వెనక తోటలోంచి నెవెంకా కారు దాకా తనే తీసుకొచ్చాడు. పిల్లని ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడిగాడు. మా ఇంటికే, మా ఇంట్లోనూ పండుగే అంది నెవెంకా. ఆయన తల ఊపాడు. కారు మలుపు తిరిగేటప్పుడు అద్దంలో చూస్తే, ఆయన గేటు రెక్కలు రెండూ లాగి, ఇనుప గడియ వేస్తున్నాడు. వాకిట్లోకి వచ్చిన చుట్టాలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

ఇంటికి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. వెనకాలే లోపలికి వచ్చిన కొత్త మనిషిని చూసి మియోద్రాగ్ తిట్టబోయిన తిట్టు మింగేశాడు. పండుగకి వచ్చిన మనిషి, ఏమీ అనకూడదు. చేపలు ఒకవైపు మాడాయని మాత్రం అందరికీ వినపడేలా చెప్పాడు. వెరిత్సా కోటు కూడా విప్పకుండా గోడ వారగా నిలబడింది. అత్తగారు గోధుమ ముద్ద పళ్ళెం పట్టుకుని వచ్చింది. అమ్మాయి మెడ మీది రుమాలు వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా చెంచాతో ముద్ద తనే తీసి అందించింది. "మెల్లగా తిను తల్లీ. ఇక్కడెవరూ తొందరపెట్టరు," అంది. పద్దెనిమిదేళ్ళలో ఆ గొంతు నెవెంకా ఎన్నడూ వినలేదు. వినగానే ముందు ఆశ్చర్యం వేసింది, తర్వాత కాస్త ఈర్ష్య కూడా వేసింది.

రెండూ నలభైకి జివోయిన్ ఫోన్ చేశాడు. రాదిషా చెప్పిన వేళకే వచ్చాడట. గేటు మూసి ఉండడం చూసి కారు దిగాడు. "పండుగ పూట గేటేంటి మావయ్యా?" అని మెత్తగా అడిగాడు. ఈ ఏడాది మా ఇంట్లో పండుగ లేదు నాయనా అన్నాడట ముసలాయన. లోపల పాటలు వినపడుతూనే ఉన్నాయి. రాదిషా చాలాసేపు కిటికీల వైపు చూసి, వెరిత్సా ఏదని అడిగాడు. జవాబు రాకపోతే వెళ్ళి కారెక్కాడు. వెనక సీటులో దుప్పటి చుట్టిన పొడుగాటిదేదో ఉంది. జివోయిన్ వెంటనే పోలీసులకి ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం నెవెంకా చెప్పిన మాటలే ఆయనా చెప్పాడు. పది నిమిషాల్లో వంతెన దగ్గర కారు ఆపారు. దుప్పటిలో తమ్ముడి తుపాకీ ఉంది. కోటు జేబుల్లో పద్నాలుగు తూటాలున్నాయి. బల్ల దగ్గర ఎంతమంది ఉంటారని ఆ ముసలాయన రాదిషాకి చెప్పాడో ఆమె అడగలేదు.

ఆ రాత్రి వెరిత్సా నెవెంకా అత్తగారి గదిలో పడుకుంది.

మర్నాడు పొద్దున నెవెంకా మిగిలిన పళ్ళేలు కడుగుతుంటే గ్వోజ్దెన్ ఫోన్ చేశాడు. గొంతు బాగా మెత్తగా ఉంది. రాదిషా వేటకి పోతున్నానని చెప్పాడట, వేట కాలమే కదా, ఇంకొకడి తుపాకీ పెట్టుకున్నందుకు ఏదో కేసు రాస్తారు, రేపో ఎల్లుండో వదిలేస్తారు అన్నాడు. చివరికి ఏమీ జరగలేదు కాబట్టి మొన్నటి పత్రం అలాగే ఉండనిద్దాం, నీ సంతకం కూడా ఉంది, నీకే ఇబ్బంది అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి, చేతులు తుడుచుకుని, వంటింటి బల్ల మీద ఒక తెల్ల కాగితం తీసి రాసింది. పద్దెనిమిదో తేదీన నేను చేసిన సంతకం తప్పు. ప్రమాదం ఎక్కువని తెలిసే, ఇంట్లో పండుగ పని ఉందని తొందరలో 'తక్కువ' అని సంతకం పెట్టాను. రాదిషాని వదిలిపెడితే వెరిత్సా ప్రాణానికి ప్రమాదం ఎక్కువ. కింద గ్వోజ్దెన్ పేరుకి చోటు వదలలేదు. తన పేరు ఒక్కటే రాసింది. దీనివల్ల ఉద్యోగం పోవచ్చు. ఆ సంగతి తెలిసే రాసింది. నేరుగా ప్రాసిక్యూటర్ చేతికే ఇవ్వాలనుకుంది.

కోటు వేసుకుంటుంటే మియోద్రాగ్ గదిలోంచి వచ్చాడు. కాళ్ళు పీకుతున్నాయని మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"మళ్ళీ ఎక్కడికి? ఇవాళ కూడా చుట్టాలొస్తారు. నిన్న పాతికమంది ముందు నా పరువు తీసి పరుగెత్తావు. పోనీ చివరికి ఏమైనా జరిగిందా? ఏమీ జరగలేదు."

నెవెంకా ఆఖరి గుండీ పెట్టుకుంది.

"అవును, ఏమీ జరగలేదు," అంది. "నేను వెళ్ళింది అందుకే."